బొట్టు పెట్టి అడిగిన ఓటు

గుమ్మం ముందు మరో సంచి పెట్టి ఉంది.

హైమ తలుపు తీసి దాన్ని చూసి వీధిలోకి తొంగిచూసింది. బెల్ కొట్టలేదు, ఫోన్ చేయలేదు. తెచ్చి పెట్టిన మనిషి కారు అప్పటికే వీధి మలుపు తిరిగిపోయింది. లోపలేముందో విప్పి చూడక్కర్లేదు. అయినా విప్పింది. మామిడిపండు రంగు జాకెట్టు గుడ్డ, ఆకుపచ్చ అంచు, మడత కూడా చెదరలేదు. దాని మీద తను పెట్టిన పసుపు కుంకుమ పొట్లం అలాగే ఉంది.

"మళ్ళీనా?" అన్నాడు అచ్యుతరావు లోపల్నుంచి.

"మళ్ళీనే. ఇది శశికళ గారిది."

"చీటీ ఏమన్నా పెట్టిందా?"

"చీటీ ఎందుకండీ? ఎవరికి ఏ రంగు ఇచ్చానో ఇచ్చినదాన్ని, నాకు తెలియదా?"

"సరేలే, క్లోజెట్‌లో పడెయ్. శ్రావణమాసంలో మళ్ళీ పనికొస్తాయి."

హైమ ఆ సంచి పట్టుకొచ్చి ఆయన లాప్‌టాప్ మీద పెట్టింది. అచ్యుతరావు ముప్ఫై ఏళ్ళు కార్ల బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన మనిషి. చేసిన ఉద్యోగం బ్రేకులదే గానీ, మాట ఎక్కడ ఆపాలో ఆయనకి ఎన్నడూ తెలిసింది కాదు.

"ఇచ్చిన తాంబూలం గుమ్మంలో వదిలేసి పోతున్నారండీ. మనింట్లో ఎవరో పోయినట్టు, లోపలికి కూడా రావట్లేదు. మీకు చీమ కుట్టినట్టయినా లేదా?"

"ఎందుకుండాలి? అమ్మాయి దొంగతనం చేసిందా, దోపిడీ చేసిందా? ఒక ఓటు వేసింది. గెలవడానికి చెప్పేది వేరు, గెలిచాక చేసేది వేరు. రాజకీయమంటే అంతే."

"వాళ్ళకి చెప్పింది దాని నోటితో కాదుగా. నా నోటితో."

అచ్యుతరావు సంచిని పక్కకి జరిపి మళ్ళీ లాప్‌టాప్ తెరిచాడు. మాట్లాడటానికేమీ దొరకనప్పుడు ఆయన చేసే పని అదే.

అనన్య కిందటి నవంబరులో ఆల్డర్ క్రీక్ సిటీ కౌన్సిల్‌కి గెలిచింది. అమెరికాలో నోవై పట్నానికి ఇవతల, పొలాలు ఇంకా పూర్తిగా ఇళ్ళు కాని చిన్న ఊరది. ప్రచారమంతా ఆ పిల్ల చెప్పిన మాట ఒక్కటే. ఊరి చివర మొక్కజొన్న చేలో డేటా సెంటర్ రానివ్వను అని. ఆ చేను చుట్టూ ఇళ్ళకి సిటీ నీళ్ళు లేవు, అందరివీ బోర్లే. అందులోని కంప్యూటర్లు చల్లబడాలంటే భూమిలో నీళ్ళన్నీ తోడాలి. తోడనివ్వను అంది. తోడనివ్వనని ప్రతి లాన్‌లో బోర్డు పాతింది. పోయిన సోమవారం మొదటి ఓటింగులో మాత్రం ఆ కంపెనీకే చెయ్యెత్తింది. నలుగురికి ముగ్గురు. ఏడుగురిలో కంపెనీ వైపు లేచిన ఆ నాలుగో చెయ్యి అనన్యది. చివరి ఓటింగు ఈ సాయంత్రమే.

హైమ చేసిన పని కూడా చెప్పుకోవాలి. దసరా రోజుల్లో, కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని, పెళ్ళికి పిలిచినట్టు తెలుగువాళ్ళ ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టి, "ఎన్నికల రోజు మా అమ్మాయికి అక్షింతలు వేసినట్టు ఓటు వేసి రండి. ఆ కంపెనీ మీ పక్కకి రాదు, పూచీ నాది" అంది. బొట్టు పెట్టి పిలిస్తే కాదనడం మనవాళ్ళకి చేతకాదు. అందరూ వెళ్ళారు, వేశారు. అనన్య గెలిచిందే ఆ కాసిని ఓట్లతో.

బెల్ మోగింది.

ఈసారి గుమ్మంలో మనిషే ఉంది. కనకదుర్గ. ఆ చేనుకి ఆనుకున్న ఇల్లు ఆవిడదే. భర్త పోయి మూడేళ్ళయింది. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేకపోయినా ఇరవై ఏళ్ళుగా వదినా అంటే వదినా అనుకున్నవాళ్ళు.

"లోపలికి రా వదినా."

"ఇక్కడే బాగుంది హైమ గారూ."

ఆ 'గారు' హైమకి చెంప మీద కొట్టినట్టే తగిలింది.

"ఎండలో నిలబడి ఏంటది? రా, కాఫీ పెడతాను."

"కాఫీకి రాలేదండీ. గుడ్డ తిరిగివ్వడానికీ రాలేదు. ఇవ్వలేను కూడా. నేను కుట్టేసుకున్నాను." కనకదుర్గ శాలువా కాస్త తొలగించింది. లోపల వంకాయ రంగు జాకెట్టు. "మెషిన్ మీద ఆ రోజే కుట్టుకున్నాను. వేసుకుని వెళ్ళి ఓటు వేశాను. మా వీధిలో ఆ ముసలి అమెరికన్ దంపతులు లేరూ, వాళ్ళనీ నా కార్లోనే తీసుకెళ్ళాను."

"నాకు తెలుసు వదినా."

"ఆయన పోయాక పేరంటాల్లో కుంకుమ భరిణె నా దాకా వచ్చి పక్కావిడ దగ్గరికి జరిగిపోయేది. ఎవర్నీ తప్పు పట్టను, అలవాటు. నేనే వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు నువ్వు మా ఇంటికొచ్చి, అడగను కూడా అడక్కుండా నా నుదుటి మీద పెట్టేశావు." ఆవిడ చెయ్యి నుదుటి దాకా వెళ్ళి దిగింది. "నువ్వెళ్ళాక చాలాసేపు ముఖం కడుక్కోలేదు, చెరిగిపోతుందని. సిగ్గు విడిచి చెప్తున్నాను."

హైమ తలుపు పట్టుకుని నిలబడింది.

"ఒక్కటి అడిగి పోదామని వచ్చాను. ఆ బొట్టు నాకు పెట్టావా, నా ఓటుకి పెట్టావా?"

చెప్పడానికి ఎంత సేపు? నీకే పెట్టాను అంటే అయిపోయేది. ఆవిడ నమ్మేది కూడా. కానీ ఆ రోజు కారెక్కేముందు అనన్య ఫోన్ చేసి "అమ్మా, ఆ స్ట్రీట్ చాలా ఇంపార్టెంట్" అనడం హైమ చెవిలో ఇంకా ఉంది.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్లేదు పెద్దవాళ్ళు" అంది కనకదుర్గ, శాలువా కప్పుకుంటూ. "మీ అమ్మాయిని అనట్లేదు. ఆ పిల్ల నా గుమ్మం తొక్కలేదు, నాకేం మాటివ్వలేదు. మాటిచ్చింది మీరు. వస్తానండీ."

ఆవిడ కారు వెళ్ళిపోయాక కూడా హైమ తలుపు వేయలేదు.

* * *

అనన్య మధ్యాహ్నం వచ్చింది. వస్తూనే ఫ్రిజ్ తెరిచి, పెరుగన్నం గిన్నె తీసుకుని, నిలబడే తినడం మొదలుపెట్టింది. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా పుట్టింట్లో ఆ పిల్ల కూర్చుని తిన్నది లేదు. బ్లేజర్ మీద కౌన్సిల్ వాళ్ళిచ్చిన చిన్న పిన్ను మెరుస్తోంది.

"డాడీ చెప్పారు. నువ్వు ఈవినింగ్ కౌన్సిల్‌లో మాట్లాడతావంట. పబ్లిక్ కామెంట్‌కి పేరు ఇచ్చావా?"

"ఇచ్చాను."

"అమ్మా, ప్లీజ్. నువ్వు నా మదర్. అది ఎలా ఉంటదో తెల్సా?"

"ఎలా ఉంటుందో నాకు పొద్దున్నే తెలిసింది. కనకదుర్గ వచ్చి వెళ్ళింది."

అనన్య చెంచా ఆపింది. "ఆంటీ ఏమన్నారు?"

"నన్ను గారు అంది."

అదెంత దెబ్బో అనన్యకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా హైమ పెంచనూ లేదు. హైమ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎందుకు చెయ్యెత్తావే? సూటిగా చెప్పు. నాకు అర్థమయ్యే తెలుగులో చెప్పు."

"సిచువేషన్ మారింది అమ్మా. నేను లై చెయ్యలేదు. అప్పుడు నాకు నంబర్స్ తెల్వదు. వాళ్ళు టాక్స్ కడతారు, స్కూల్స్‌కి వస్తది. సీనియర్ సెంటర్ కట్టిస్తామన్నారు. నీళ్ళు కూడా మానిటర్ చేస్తామన్నారు."

"ఎవరు చూస్తారు?"

"వాళ్ళే."

హైమ నవ్వింది. ఆ నవ్వు అచ్యుతరావుకి నచ్చలేదు, లాప్‌టాప్ మూసేశాడు.

"పాల దగ్గర పిల్లిని కాపలా పెట్టారన్నమాట. మరి నీకేమిచ్చారు?"

"నాకేం ఇవ్వలేదు. హౌ కెన్ యూ ఆస్క్ దట్?" అనన్య గొంతు మొదటిసారి లేచింది. "ఒక కమిటీ ఉంది. నెక్స్ట్ ఇయర్ స్టేట్ హౌస్‌కి నిలబడితే వాళ్ళు సపోర్ట్ చేస్తారు. కంపెనీ ఆ కమిటీకి డొనేషన్ ఇచ్చింది. నా అకౌంట్‌కి కాదు. అంతా లీగల్."

"అందరూ అలాగే చేస్తారు హైమా" అన్నాడు అచ్యుతరావు. "ఈ దేశంలో డబ్బు లేకుండా ఎవరు గెలిచారు చెప్పు? మన పిల్ల స్టేట్ హౌస్‌లో ఎమ్మెల్యేలా కూర్చుంటే మన తెలుగువాళ్ళందరికీ గౌరవం. మన ఉగాది ఫంక్షన్‌కి స్పాన్సర్ ఎవరనుకున్నావు? ఆ కంపెనీయే."

హైమ ఆయన వైపు తిరిగింది. "స్టేజి మీద కట్టిన ఆ బ్యానరు వాళ్ళదా?"

"పేరు కింద చిన్నగా వేశాంలే."

ఆ బ్యానరు కిందే నిలబడి ఉగాది పచ్చడి తనే కలిపి అందరికీ పంచింది. కనకదుర్గకి కూడా. తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదే కాబోలు అనుకుంది. మింగిన వేపపువ్వు చేదు ఇప్పుడు తెలుస్తోంది.

"సరే" అంది లేస్తూ. "మీరిద్దరూ ఆ గౌరవమేదో చూసుకోండి. నేను సాయంత్రం వెళ్ళి మాట్లాడతాను. మాటిచ్చినదాన్ని నేను. పోయిందని చెప్పుకోవడమన్నా నేనే చెప్పుకోవాలి."

అనన్య గిన్నె సింకులో పెట్టింది. నీళ్ళు తిప్పి, గిన్నె కడిగి, తుడిచి కూడా పెట్టింది. పుట్టి బుద్ధెరిగి ఈ ఇంట్లో ఆ పిల్ల గిన్నె కడిగింది లేదు. ఏదో పెద్ద మాటే వస్తోందని హైమకి అప్పుడే తెలిసింది.

"అమ్మా, నువ్వు బ్లౌజ్ పీసెస్ ఇచ్చావు కదా. ఓటు వెయ్యమని చెప్పి ఇచ్చావు."

"ఇచ్చాను. అయితే?"

"అది వోట్లు కొనడం. లా ప్రకారం క్రైమ్. ఒక థింగ్ ఇచ్చి ఓటు అడగొద్దు. నీ మీద కేస్ పెట్టచ్చు. నా సీట్ కూడా పోవచ్చు."

అచ్యుతరావు "జాకెట్టు గుడ్డకా?" అన్నాడు.

"బొట్టు పెట్టి ఉత్తచేత్తో ఎలా వస్తానే?" అంది హైమ మెల్లగా. ఆ మాట ఎవరికి చెబుతోందో ఆవిడకే తెలియలేదు. "గుడ్డ పెట్టకపోతే ఆ బొట్టుకి మర్యాదేముంది?"

"నాకు తెల్సు అమ్మా. జడ్జికి తెల్వదు."

"నీకెవరు చెప్పారిది?"

"లాయర్."

"ఎవరి లాయర్?"

అనన్య తండ్రి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు.

"కంపెనీ లాయర్. అతను థ్రెటెన్ చెయ్యలేదు. కాఫీ తాగుతుంటే జస్ట్ మెన్షన్ చేశాడు. మీ మదర్ ఈవినింగ్ మాట్లాడితే ఆ ఫొటో బయటికి రావచ్చు, అది మీ ఫ్యామిలీకి హార్డ్ అవుతది అన్నాడు."

"ఏ ఫొటో?"

అచ్యుతరావు చెవులు ఎర్రబడ్డాయి. దసరా రోజుల్లో హైమ కనకదుర్గకి బొట్టు పెట్టి గుడ్డ ఇస్తుండగా ఫొటో తీసింది ఆయనే. వెనకాల అనన్య బోర్డు కూడా పడేలా నిలబెట్టి మరీ తీసి, తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ ఆయనే. మన సంప్రదాయంలో ఎన్నికల ప్రచారం అని కింద రాసుకున్నాడు కూడా.

"వాళ్ళు కమిటీకిచ్చింది తప్పు కాదు. నేనిచ్చిన మూర గుడ్డ తప్పు" అంది హైమ.

"లా అట్లనే ఉంది అమ్మా. నేను రాయలేదు." అనన్య దగ్గరికొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు నిజంగానే ఉన్నాయి. "నేను నిన్ను ప్రొటెక్ట్ చేస్తున్నా. అర్థం చేస్కో. నీ కోసమే యెస్ వేశాను."

హైమ ఆ చెయ్యి విడిపించుకోలేదు. ఆ వేళ్ళు తనవే, తన పోలికే. గుండె కరిగిపోయింది కూడా. నా పిల్ల నా కోసం తలవంచిందా అనుకుంది. అలా అనుకుని ఊరుకుని ఉంటే ఎంత సుఖంగా ఉండేదో. కానీ ఆవిడ హాస్పిటల్ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి రక్తం పరీక్ష చేసిన మనిషి. ఏది ముందు, ఏది తర్వాత అని అడక్కుండా దేన్నీ నమ్మే అలవాటు లేదు.

"ఆ లాయరు ఎప్పుడన్నాడు? ఓటుకి ముందా, తర్వాతా?"

అనన్య చెయ్యి వదిలేసింది. ఫోన్ తీసి చూసుకుంది. అందులో ఏ మెసేజీ లేదు.

"తర్వాత" అంది.

* * *

సాయంత్రం అచ్యుతరావు కారు తాళాలు దాచేశాడు. ఎక్కడ దాస్తాడో హైమకి తెలుసు. తీసుకుని, తిరిగొచ్చిన సంచులన్నీ ఒక పెద్ద సంచిలో వేసుకుని, బయల్దేరింది. ఆయన గరాజ్ దాకా వెంటబడ్డాడు.

"దాని భవిష్యత్తు నీ చేత్తోనే పాడు చేస్తావా?"

"దానికి నా చెయ్యెందుకండీ? మీరు తీసిన ఫొటో ఉందిగా."

అచ్యుతరావు గరాజ్ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

కౌన్సిల్ హాలు నిండిపోయింది. ముందు వరసలో సూట్లలో కంపెనీ మనుషులు. వెనక వరసల్లో చేను చుట్టుపక్కల వాళ్ళు, వాళ్ళలో పదిమంది దాకా తెలుగు ఆడవాళ్ళు. కనకదుర్గ గోడవారగా కూర్చుంది. హైమని చూసి చూపు తిప్పుకుంది. పైన అర్ధచంద్రాకారపు బల్ల వెనక ఏడుగురిలో అనన్య, ముఖానికి పౌడరు వేసుకుని, తల్లి వైపు చూడకుండా.

ఒకరి తర్వాత ఒకరు లేచి మూడేసి నిమిషాలు మాట్లాడారు. బోరు ఎండిపోతుందన్నారు, ఆ యంత్రాల రొదకి నిద్ర పట్టదన్నారు, మాట తప్పారన్నారు. బల్ల వెనక వాళ్ళు తలలూపుతూ విన్నారు. తలలూపడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు.

మేయర్ హైమ పేరు చదివాడు. ఎలాగో పలికాడు.

హైమ మైకు దగ్గరికి వెళ్ళి సంచి అక్కడున్న చిన్న బల్ల మీద పెట్టింది. ముందు వరసలో ఒక నెరిసిన జుట్టాయన పక్కవాడితో ఏదో గుసగుసలాడాడు. లాయరు అతనే అయ్యుండాలి.

ఆవిడ ఇంకా నోరు తెరవలేదు. బల్ల చివర్న ఉన్న కౌన్సిల్ మెంబర్ ఒకడు మైకులోకి వంగి, చెప్పిందే చెబుతున్నారు, పబ్లిక్ కామెంట్ ఇక్కడితో ముగిద్దాం అని ప్రతిపాదించాడు. దాన్ని ఇంకొకరు బలపరచాలి. మేయర్ అటూ ఇటూ చూశాడు.

"సెకండ్" అంది అనన్య.

ఒక్క మాటే. హైమ తల ఎత్తి చూసింది. అనన్య ముందున్న కాగితాలు సర్దుకుంటోంది. చేతులెత్తించారు. నలుగురికి ముగ్గురు. హైమ ముందున్న మైకు మీద దీపం ఆరిపోయింది.

"థాంక్యూ మ్యామ్, యూ మే సిట్ డౌన్" అన్నాడు మేయర్, చాలా మర్యాదగా.

హైమ కూర్చోలేదు. సంచి తీసుకుని, కౌన్సిల్‌కి వీపు పెట్టి, జనం వైపు తిరిగింది. తెలుగుకి మైకెందుకు? పెళ్ళిళ్ళలో వంద మందిని వడ్డనకి పిలిచిన గొంతు అది.

"అందరూ వినండి. ఈ జాకెట్టు గుడ్డలు పంచింది నేను. బొట్టు పెట్టి ఓటు అడిగింది నేను. ఈ దేశంలో అది నేరమట. నాకు తెలియదు. తెలిసినా అడిగేదాన్నేమో. శిక్షేదో నాకు వేయించండి. ఆ ఫొటో చూపించి ఇవాళ నా నోరు ముయ్యమని మా ఇంటికి కబురొచ్చింది. పంపింది ఆ ముందు వరస. మోసుకొచ్చింది నా కూతురు."

వెనక వరసలో శశికళ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హైమ గోడవారగా చూసింది.

"వదినా, పొద్దున నువ్వడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను. ఆ బొట్టు నీ ఓటుకే పెట్టాను. నీకు పెట్టి ఉంటే బాగుండేది. నీకు పెట్టలేదు."

కనకదుర్గ శాలువా గట్టిగా దగ్గరికి లాక్కుంది. లేవలేదు, ఏడవలేదు.

మేయర్ సుత్తి చప్పుడు చేశాడు. హాల్లో ఆ పదిమందికి ఆవిడేమందో తెలుసు, మిగతావాళ్ళకి తెలియదు. నెరిసిన జుట్టాయన లేచి నిలబడ్డాడు. బల్ల వెనక ఏడుగురిలో తెలుగు తెలిసిన మనిషి ఒక్కతే. మేయర్ ఆమె వైపు వంగి, మైకు కట్టేయడం మర్చిపోయి, అందరికీ వినబడేలా అడిగాడు, మీ అమ్మగారు ఏమంటున్నారు అని.

అనన్య ముందు మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. ఆ పిల్ల లాయరు వైపు చూసింది. తర్వాత, ఆ రోజు మొదటిసారిగా, తల్లి వైపు చూసింది.

"చెప్పమ్మా" అంది హైమ. "ఉన్నదున్నట్టు చెప్పు."